వరుసగా రెండు రోజులు ఒకేచోట కనిపించని, వయసు ముదిరిన తెల్లతోక మగ జింకను వేటాడటం ఎలా?

కొండవాలు (ప్రశ్న; ఇక్కడి పేర్లన్నీ రాసినవారి మారుపేర్లు):

అమెరికాలోని ఒహాయో రాష్ట్రపు ఆగ్నేయ భాగంలో, ప్రభుత్వ అడవి అయిన వేన్ నేషనల్ ఫారెస్ట్‌ను ఆనుకుని ఉన్న ఒక రైతు భూమిలో విల్లుతో వేటాడేందుకు నాకు యజమాని నుండి లిఖితపూర్వక అనుమతి ఉంది. గత సంవత్సరం నుండి అక్కడ నేను ఒకే ఒక తెల్లతోక మగ జింక మీద దృష్టి పెట్టాను. ఛాతీ లోతుగా దిగి, నడుము కాస్త వంగి, మెడ భుజాలలో కలిసిపోయి, కాళ్లు పొట్టిగా కనిపించే ఆ శరీరాన్ని చూస్తే దాని వయసు నాలుగున్నర సంవత్సరాలకు తక్కువ ఉండదని నా అంచనా. కుడి కొమ్ము మొదట్లో కిందికి వంగిన ఒక చిన్న కొన ఉండటం వల్ల ఏ ఫొటోలోనైనా దాన్ని వెంటనే గుర్తుపట్టగలుగుతున్నాను.

నేల స్వరూపం చెబితే మీకు విషయం సులువుగా అర్థమవుతుంది. ఉత్తర దక్షిణాలుగా సాగే పొడవైన కొండ వెన్ను ఒకటి ఉంది. దాని తూర్పు వైపున మూడు కొండ ముక్కులు (వెన్ను నుండి బయటికి పొడుచుకు వచ్చిన భాగాలు) కిందికి దిగుతాయి, వాటిని వేరు చేస్తూ వాగులు పారుతాయి, అడుగున కోత అయిపోయిన మొక్కజొన్న చేను ఉంది. ఉత్తరపు కొసన వాలు మధ్యలో ఉన్న చదునైన మెట్టు మీద తెల్ల ఓక్ చెట్లు ఉన్నాయి. నడుమ ముక్కు మీద కొన్నేళ్ల కిందట కలప కొట్టారు కనుక ఇప్పుడది మనిషి దూరలేని ముళ్ల పొదలతో నిండిపోయింది. కొండ వెన్ను మీద ఒకచోట చిన్న కనుమ ఉంది. దాన్ని దాటి పడమటికి దిగితే ప్రభుత్వ అడవి వస్తుంది, అందులో ఇతర వేటగాళ్లు తరచుగా తిరుగుతుంటారు.

జంతువు కదిలితే తమంతట తామే ఫొటో తీసే కెమెరాలు ఓక్ చెట్ల దగ్గర, దక్షిణపు వాగు దాటే చోట, కనుమలో, చేను అంచున పెట్టాను. అన్నిటిలోనూ ఆ జింక పడుతున్నది, కానీ ఎక్కడా వరుసగా రెండు రోజులు పడటం లేదు. ఒక సాయంత్రం ఇంకా వెలుతురు ఉండగానే ఓక్ చెట్ల కింద కనిపిస్తుంది, ఆ తరువాత వారం పాటు జాడ ఉండదు, మళ్లీ ఒక అర్ధరాత్రి చేనులో కనిపిస్తుంది. చిన్న వయసు మగ జింకలు దాదాపు రోజూ ఒకే దారిన నడుస్తున్నాయి కనుక ఈ తేడా మరింత స్పష్టంగా తెలుస్తున్నది.

ఒహాయోలో ఒక లైసెన్సు సంవత్సరంలో కొమ్ములున్న జింకను ఒక్కదాన్నే తీసుకోవచ్చు. ఆ ఒక్కటీ ఇదే కావాలని నా కోరిక, అందువల్ల మిగిలిన వాటిని వదిలేస్తున్నాను. దీని నడకలో నిజంగానే ఏ క్రమమూ లేదా? ఒకే మంచె మీద ఓపికగా కూర్చోవడం మంచిదా, లేక అది కనిపించిన చోటికల్లా మంచె మార్చుకుంటూ పోవాలా? నవంబరు మొదటి, రెండవ వారాలలో సెలవు పెట్టగలను. అంతకుముందు సాయంత్రాలు మాత్రమే వీలవుతాయి.

పడమటిగాలి:

చోటును, గడియారాన్ని పట్టుకుని వెతికితే ముదురు మగ జింక నడకలో క్రమం దొరకడం అరుదు. చిన్న మగ జింక ఆకలి వేసిన వేళకు ఆకలి తీరే చోటికి పోతుంది. నాలుగైదు శరత్తులు బతికి బయటపడ్డ జింక మాత్రం ఆ రోజు వీస్తున్న గాలిలో ఏ దారి తనకు క్షేమమో చూసుకుని, ఆ దారి చివర దొరికే మేతతో సరిపెట్టుకుంటుంది. అందువల్ల గాలి మారిన ప్రతిసారీ దాని దారి మారుతుంది, మనకు అది దిక్కూ తెన్నూ లేకుండా తిరుగుతున్నట్లు కనిపిస్తుంది.

ముందుగా మీ ఫొటోలన్నిటినీ మళ్లీ తీసి ఒక పట్టికలో రాయండి. తేదీ, వేళలతో పాటు ఆ గంటలో గాలి ఏ దిక్కు నుండి వీచింది, ఉష్ణోగ్రత ముందు రోజుకంటే తగ్గిందా పెరిగిందా, అంతకుముందు రెండు మూడు రోజులలో ఆ భూమిలోకి మనిషి ఎవరైనా వెళ్లారా అన్నవి తప్పనిసరిగా చేర్చండి. ఆ చివరి గడిలో రైతు ట్రాక్టరుతో పాటు మీరు కెమెరా కార్డు తీయడానికి వెళ్లిన రోజులు కూడా ఉండాలి. సమీపంలోని విమానాశ్రయం నమోదు చేసే గంటగంటకూ వాతావరణ వివరాలు పాత తేదీలకు కూడా దొరుకుతాయి. తరువాత చీకట్లో తీసిన ఫొటోలను పక్కన పెట్టండి. అవి జింక బతికే ఉందని చెబుతాయి తప్ప మంచె ఎక్కడ కట్టాలో చెప్పవు, ఎందుకంటే సుదీర్ఘమైన శరద్రాత్రిలో అది ఎంత దూరమైనా పోయి రాగలదు. తెల్లవారీ తెల్లవారని వేళ, పొద్దుగూకే వేళ వచ్చిన ఫొటోలు మాత్రమే పడకకు, అంటే అది పగలు పడుకునే చోటుకు, దగ్గరగా తీసినవి. వాటిలో అది ఏ వైపు ముఖం పెట్టి నడుస్తున్నదో కూడా రాసుకోండి.

ఇక పడక సంగతి. కొండ ప్రాంతంలో ముదురు మగ జింకలు సాధారణంగా గాలి చాటు వైపు, వాలు పైనుండి మూడో వంతు దిగువన, ముక్కులా బయటికి పొడుచుకు వచ్చిన చోట పడుకోవడానికి ఇష్టపడతాయి. మీ దగ్గర పడమటి గాలి వీస్తే తూర్పు వాలు చాటు అవుతుంది. అక్కడ పడుకున్న జింకకు వెన్ను మీదుగా దాటి వచ్చే గాలి వెనక ఉన్న అడవి వాసనను, ఆ అడవిలో నడిచే వేటగాళ్ల వాసనను మోసుకొస్తుంది. ఎండెక్కిన కొద్దీ వేడెక్కిన గాలి వాలు వెంట పైకి లేచి చేను వైపు వాసనను అందిస్తుంది. కళ్లు దిగువను చూస్తుంటాయి. ఒక్కచోట కూర్చుని మూడు వైపులా కాపలా కాసుకోగలిగిన ఆ నడుమ ముక్కును, అందులోనూ మనిషి దూరలేని పొదలను, అది వదులుకుంటుందని నేను అనుకోను. అదే గాలి తూర్పు నుండి వీస్తే చాటు పడమటి వాలుకు మారుతుంది. ఆ రోజుల్లో అది కనుమ దాటి ప్రభుత్వ అడవి వైపు పోయి ఉండే అవకాశం ఎక్కువ. జాడ లేదని మీరు అంటున్న వారాలలో గాలి ఎటు వీచిందో చూడండి.

మంచె కట్టే చోటు విషయంలో చాలామంది ఒప్పుకోని మాట ఒకటి చెబుతాను. మనకు పూర్తిగా అనుకూలమైన గాలి ఆ జింకకు పూర్తిగా ప్రతికూలమైన గాలి, కనుక ఆ రోజు అది ఆ దారిన రాదు. దానికి ధైర్యమిచ్చే గాలిలోనే, మన వాసన దాని దారిని అంగుళాల తేడాతో తప్పించుకుని పోయే చోట కూర్చోవాలి. మీ నేల మీద దీన్ని ఇలా ఊహించండి. వాయవ్యపు గాలి వీస్తున్న సాయంత్రం జింక నడుమ ముక్కు మీద లేచి, మెట్టు వెంట ఉత్తరానికి, ఓక్ చెట్ల వైపు నడుస్తుంది. గాలి దాని ముఖానికి ఎడమ పక్క నుండి ఏటవాలుగా తగులుతుంది, ముందున్నదంతా వాసన ద్వారా తెలుస్తుంది, అందుకే పొద్దు ఉండగానే కదులుతుంది. ఆ మెట్టు దారికి ఇరవై గజాలు తూర్పుగా, కాస్త దిగువన మీరు ఉంటే మీ వాసన ఆగ్నేయానికి, వాలు కిందికి పోతుంది. జింక మీకు దక్షిణం నుండి, మీకంటే పై మట్టంలో వస్తుంది. గాలి ఇంకొంచెం ఉత్తరానికి తిరిగిందంటే మీ వాసన దాని దారి మీదికి చేరవచ్చు, వేట ముగిసిపోతుంది. అంత సన్నని తేడా ఉన్న చోటే అటువంటి జింక పగటి పూట దొరికే చోటు.

అక్కడికి చేరే దారి మంచె కంటే ముఖ్యమైనది. నడుమ ముక్కు నుండి కనిపించే వాగులో నడవకండి. ఉత్తరపు ముక్కుకు అవతల ఉన్న వాగు గుండా, అంటే ముక్కు అడ్డుగా ఉండే వైపు నుండి ఎక్కండి. తూర్పు వాలు మధ్యాహ్నం తరువాత తొందరగా నీడలోకి పోతుంది. నీడ పడిన వాలు మీద గాలి చల్లబడి సూర్యాస్తమయానికి చాలా ముందే కిందికి జారడం మొదలవుతుంది. ఆ నీడ పడ్డాక ఎక్కితే మీ వాసన మీ వెనక వాగులోకే దిగుతుంది. ఎండ ఇంకా వాలు మీద ఉండగా ఎక్కితే అది మీకంటే ముందు పైకి చేరుతుంది.

ఆ మంచె మీద మొదటిసారి కూర్చున్న రోజే అన్నిటికంటే మంచి రోజు. దక్షిణ కరొలినాలో మగ జింకల మెడకు జీపీఎస్ పట్టీలు కట్టి చేసిన ఒక అధ్యయనంలో, వేటగాడు కూర్చుని వెళ్లిన మంచె పరిసరాలను అవి ఆ తరువాత కొన్ని రోజుల పాటు పగటి వేళల్లో తప్పించుకు తిరిగాయని తేలింది. మనిషిని చూడకపోయినా అతడు నడిచిన దారి వాసన వాటికి చాలు. కాబట్టి గాలి, చలి, మీ తీరిక మూడూ కలిసిన సాయంత్రం కోసం ఆ చోటును దాచుకోండి, మిగిలిన సాయంత్రాలు మరో మూలన గడపండి. అక్టోబరు చివరి వారంలో కోల్డ్ ఫ్రంట్ (చల్లగాలి ముందంచు) దాటిపోయి, వర్షం ఆగి, వాయవ్యపు గాలితో ఉష్ణోగ్రత బాగా పడిపోయిన మొదటి సాయంత్రాన్ని నేనైతే వదులుకోను. చంద్రుని దశలను బట్టి లెక్కలు వేసేవారి మాట నమ్మి ఆ సాయంత్రాన్ని పోగొట్టుకోవద్దు. పట్టీలు కట్టి పరిశీలించినప్పుడు పౌర్ణమికీ అమావాస్యకూ జింకల కదలికలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు.

నడిగాలి:

పడమటిగాలి గారు గాలి గురించి చెప్పినదానితో నాకు పేచీ లేదు. కానీ ఆ జింక అసలు మీ భూమిలోనే కాపురం ఉంటున్నదా అన్న ప్రశ్నకు జవాబు దొరకకుండా ఒక్క మంచె మీద ఆశ పెట్టుకోవడం నాకు సరైనదిగా అనిపించడం లేదు.

మిసిసిపి స్టేట్ యూనివర్సిటీ వారు జీపీఎస్ పట్టీలతో పరిశీలించినప్పుడు ముదురు మగ జింకలలో రెండు స్వభావాలు కనబడ్డాయి. కొన్ని ఒకే ప్రాంతాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. మరికొన్నిటికి మైళ్ల దూరంలో విడివిడిగా రెండు నెలవులు ఉంటాయి, అవి ఒకదాని నుండి మరొకదానికి మారుతూ ఉంటాయి. మీ జింక వారం పాటు మాయమవడానికి కారణం గాలి కావచ్చు, రెండో నెలవు కూడా కావచ్చు. పక్క భూముల రైతులను, వీలైతే అక్కడి వేటగాళ్లను అడగండి. ఆ కిందికి వంగిన కొన ఉన్న కొమ్మును ఒకసారి చూసినవారు మరచిపోరు. మీ దగ్గర లేని రోజున అది మరొకరి కెమెరాలో ఉంటే మీకు సగం సమాధానం దొరికినట్లే. గత సంవత్సరం ఏ తేదీలలో అది మీ దగ్గర ఉన్నదో కూడా చూడండి. ముదురు జింకలలో చాలావి ఏటా దాదాపు అవే రోజులకు అదే నెలవుకు తిరిగి వస్తాయి. నా అనుభవంలో నిరుటి ఫొటోల తేదీలు ఈ వారపు ఫొటోలకంటే ఎక్కువ పనికివచ్చాయి.

రెండవ విషయం, మీ సెలవు నవంబరులో ఉంది. అప్పటికి పై లెక్కలు చాలావరకు తారుమారవుతాయి. పగటి వెలుగు తగ్గే క్రమాన్ని బట్టి ఆడ జింకలు ఎదకు వస్తాయి కనుక అమెరికా ఉత్తరాది రాష్ట్రాలలో జతకట్టే కాలం ఏటా నవంబరు మధ్యలోనే ఉచ్చస్థితికి చేరుతుంది. వాతావరణం వేడిగా ఉంటే పగటి తిరుగుడు తగ్గుతుంది గాని తేదీలు మారవు. ఆ రోజుల్లో మగ జింక మేత మానేసి, తన నెలవు వదిలి, ఒకటి రెండు రోజుల పాటు ఎటో పోయి తిరిగి వస్తుంది. అప్పుడు దాని పడకను నమ్ముకుని కూర్చోవడం వల్ల ప్రయోజనం తక్కువ. ఆడ జింకల గుంపులు పగలు ఎక్కడ పడుకుంటాయో కనిపెట్టి, ఆ పడకలకు గాలి దిగువన (గాలి వీచి పోయే వైపున), వాగు తలలు కలిసే చోట గాని, కనుమలో గాని తెల్లవారుజాము నుండి చీకటి పడే వరకు కూర్చోండి. తిరిగే మగ జింక ప్రతి పడకలోకీ దూరదు. దిగువ నుండి ఒక్కసారి గాలి పీల్చి, ఎదకు వచ్చిన ఆడ జింక లేదని తెలిస్తే సాగిపోతుంది. భోజనం కోసం దిగిపోయే వేటగాళ్లు పోగొట్టుకునేది సరిగ్గా ఉదయం పది నుండి మధ్యాహ్నం రెండు వరకు ఉండే ఆ వేళనే.

ఎదలో ఉన్న ఆడ జింక దొరికిన తరువాత మగ జింక ఒకటి రెండు రోజులు దాన్ని వదలదు, దాన్ని ఏదో ఒక మారుమూల పొదలోకి తోలుకుపోయి కూర్చుంటుంది. ఆ రోజుల్లో అడవి ఖాళీగా ఉన్నట్లు అనిపిస్తే మంచె దిగి వెళ్లిపోకండి. ఆ ఎద తీరగానే అది మరొకదాని కోసం మళ్లీ పగలే బయలుదేరుతుంది.

మంచె మార్చాలా అన్నదానికి నా జవాబు, మార్చాలి. వీపు మీద మోసుకుపోగల తేలిక మంచెతోనో, చెట్టుకు నడుము పట్టీ కట్టుకుని కూర్చునే సాడిల్‌తోనో, ఆ రోజు తాజా గుర్తు ఎక్కడుంటే అక్కడ కూర్చోవాలి. అన్నీ కుదిరే సాయంత్రం కోసం వేచి ఉంటే, నవంబరు నాలుగో గురువారపు పండుగ అయిన థ్యాంక్స్‌గివింగ్ తరువాతి సోమవారం తుపాకీ సీజను మొదలయ్యే సరికి పడమటి అడవిలోకి వచ్చే జనం మీ జింకను ఎటు తోలుతారో ఎవరూ చెప్పలేరు.

కొండవాలు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. పట్టిక తయారుచేశాను. వెలుతురులో వచ్చిన ఫొటోలు కొద్దివే అయినా వాటిలో కనిపించినది నాకు ఆశ్చర్యం కలిగించింది. ఓక్ చెట్ల దగ్గరి సాయంత్రపు ఫొటోలన్నీ పడమటి గాలి, వాయవ్యపు గాలి వీచిన రోజులవే, వాటిలో జింక ముఖం ఉత్తరానికే ఉంది. నైరుతి గాలి వీచినప్పుడు అది దక్షిణపు వాగు వైపు నడిచింది. కనుమలోని ఫొటోలు చాలావరకు తూర్పు, ఆగ్నేయ గాలుల రోజులలో, తెల్లవారకముందు, పడమటి ముఖంగా తీసినవి. నేను కార్డులు తీసిన తరువాతి రోజుల్లో వెలుతురులో ఒక్క ఫొటో కూడా లేదు. ఇప్పుడు వాటి స్థానంలో ఫోన్‌కు ఫొటోలు పంపే కెమెరాలు పెడుతున్నాను.

దక్షిణాన ఉన్న పక్క రైతును కూడా అడిగాను. ఆయన దాన్ని ఎన్నడూ చూడలేదన్నారు. కాబట్టి రెండో నెలవు ఉంటే అది పడమటి వైపే ఉండాలి.

ఒక సందేహం మిగిలింది. ఉత్తరపు వాగు చేను మూలలో కలుస్తుంది. సాయంత్రం వేట ముగిసే వేళకు ఆ మూలన ఆడ జింకలు మేస్తుంటాయి. దిగితే అవన్నీ బెదిరి పరుగెత్తుతాయి. వాటి బెదురు చూసి ఆ మగ జింక చోటు మానేయదా? మరొకటి, ఆ మెట్టు మీద గాలి నిజంగా ఎటు పోతున్నదో తెలుసుకోవడం ఎలా? ఫోన్ చెప్పే గాలికీ చెట్ల మధ్య తగిలే గాలికీ పొంతన ఉండటం లేదు.

మంచెమీద:

మొదట రెండవ ప్రశ్న. ఫోన్ చూపించేది కొండకు ఎగువన, అడ్డులేని చోట వీచే గాలి. కొండ చాటున అది సుడి తిరుగుతుంది, వెనక్కి మళ్లుతుంది, సాయంత్రం పూర్తిగా ఆగిపోయి వాలు గాలికి దారి ఇస్తుంది. దీన్ని చూడటానికి పొడి చల్లే సీసాల కంటే మిల్క్‌వీడ్ దూది మేలు. జిల్లేడు కుటుంబానికే చెందిన ఆ మొక్క కాయలు శరత్తులో ఎండి పగులుతాయి. లోపల చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చిన గోధుమరంగు గింజలు, ప్రతి గింజకూ పట్టులాంటి తెల్లని కుచ్చు ఉంటాయి. గింజ తుంచేసి ఒక్క కుచ్చును వేళ్ల మధ్య నుండి వదలండి. పొడి రెండు మూడు గజాలలో కంటికి కనబడకుండా పోతుంది, ఈ కుచ్చు మాత్రం చెట్ల మధ్య చాలా దూరం వరకు కనిపిస్తూనే ఉంటుంది. మొదట ఆగ్నేయానికి పోయి, ఒక పెద్ద చెట్టు మానును చుట్టి, నేలకు దిగి, వాలు వెంట జారిపోవడం మీ కళ్లతో చూస్తారు. సీజను తరువాత, ఫిబ్రవరిలో గాని మార్చిలో గాని, ఆ చెట్టు దగ్గరే నిలబడి వేర్వేరు గాలుల్లో ఈ పని చేసి రాసుకోవడం వచ్చే ఏటికి పనికొస్తుంది. ఈ ఏడు మాత్రం మంచె ఎక్కిన రోజే గంటకొకసారి వదిలి చూడండి. కుచ్చు మెట్టు దారి మీదికి పోవడం మొదలైతే పొద్దు ఉన్నా సరే దిగిపోండి. అటువంటి సాయంత్రం కూర్చుని ఉండటం వల్ల పోయేది ఆ ఒక్క సాయంత్రం కాదు, ఆ చోటే పోతుంది.

వాసన పోగొడతామని అమ్మే పిచికారీల మీద నాకు నమ్మకం లేదు. అవి వాసనను కొంత తగ్గించవచ్చు గాని గాలి దిగువన ఉన్న ముదురు జింకను మోసగించలేవు. బట్టలు ఉతికే పొడి విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. అందులో ఉండే తెల్లదనం పెంచే రసాయనాలు అతినీలలోహిత కాంతిలో నీలంగా వెలుగుతాయి. జింకల కళ్లు నారింజ, ఎరుపు రంగులను సరిగా గుర్తించలేకపోయినా నీలం వైపు రంగులను మనకంటే బాగా చూస్తాయి.

ఇక దిగే సంగతి. సాయంత్రం చల్లగాలి నీరు పల్లానికి పారినట్లు వాగుల వెంట దిగి చేను మూలన నిలుస్తుంది, మీ వాసనా అందులోనే చేరుతుంది. మేస్తున్న ఆడ జింకల మధ్యకు మనిషి నడిచి వెళితే అవి బుస కొట్టి అడవంతటికీ చాటుతాయి, ఆ మూల మంచె మనిషి చోటుగా వాటికి గుర్తుండిపోతుంది. రైతుతో ముందే మాట్లాడి, చీకటి పడిన తరువాత ఆయన పికప్ ట్రక్కును చేనులోకి ఒకసారి తోలమనండి. రోజూ చూసే బండిని చూసి జింకలు తీరికగా పొదల్లోకి తప్పుకుంటాయి, దానిని మీతో ముడిపెట్టవు. అవి తప్పుకున్నాక మీరు దిగవచ్చు. రైతుకు వీలుకాని రోజున ఆ మంచె ఎక్కకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇంకో మాట. సన్నాహాలు ఎంత బాగున్నా చివరికి అన్నీ బాణం మీద నిలుస్తాయి. మెట్టు మీద వచ్చే జింక మీకు పక్కగా గాని, కొంచెం ముందుకు దాటి గాని ఉన్నప్పుడే వదలండి. ఎదురుగా వస్తున్నప్పుడు ఎంత దగ్గరైనా వదలవద్దు. తగిలిన తరువాత నెత్తురును చూసి నిర్ణయించుకోండి. నురగతో లేత ఎరుపుగా ఉంటే ఊపిరితిత్తులకు తగిలినట్లు, అరగంట ఆగి వెళ్లవచ్చు. ముదురు ఎరుపు అయితే కాలేయం కావచ్చు, కనీసం నాలుగు గంటలు ఆగాలి. బాణం మీద ఆకుపచ్చని జిగురు, పేగుల వాసన ఉంటే చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చి, రాత్రంతా ఆగి తెల్లవారి వెళ్లండి. తొందరపడి వెంట తరిమితే అది పడుకున్న చోటు నుండి లేచి పక్క భూమిలోకో అడవిలోకో పోతుంది. ప్రాణిని గాయపరిచి దొరకబుచ్చుకోలేకపోవడం కంటే బాధాకరమైనది ఈ పనిలో మరొకటి లేదు. మంచె మీద ఉన్నంతసేపూ, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కూడా ఒంటికి హార్నెస్ (పడకుండా కాపాడే పట్టీలు), చెట్టుకు తాడు కట్టి ఉండాలన్నది మీకు తెలిసే ఉంటుంది, అయినా రాస్తున్నాను. పడిపోయినవారిలో చాలామంది ఎక్కేటప్పుడో దిగేటప్పుడో పడినవారే.

పడమటిగాలి:

మీ పట్టిక నేను ఊహించినదానికంటే స్పష్టంగా ఉంది. నడిగాలి గారి మాటతో నా మాటను కలిపి చూస్తే మీ ముందు రెండు వేర్వేరు వేటలు ఉన్నాయి, వాటిని కలపకండి.

అక్టోబరు చివరి వరకు జింక తన నెలవులో ఉంటుంది. ఆ రోజుల్లో మెట్టు మంచెను పడమటి, వాయవ్యపు గాలులకు మాత్రమే, అందులోనూ చలి తిరిగిన సాయంత్రాలకు మాత్రమే వాడండి. ఇదే కాలంలో అది నేలను గిట్టలతో గీరి, పైన వేలాడే కొమ్మను నాకి వాసన పెట్టిన స్క్రేప్‌లు చాలా కనిపిస్తాయి. చేను అంచున ఉన్నవాటి మీద ఆశ పెట్టుకోకండి, వాటి దగ్గరికి మగ జింకలు ఎక్కువగా రాత్రిళ్లే వస్తాయి. నడుమ ముక్కుకు దగ్గరగా, పొదల అంచున ఒకటి కనిపించి, అది రోజూ తాజాగా ఉంటే మాత్రం ఆ సమాచారం విలువైనది. దాన్ని దగ్గరికి పోయి పరిశీలించవద్దు, దూరం నుండి బైనాక్యులర్‌తో చూస్తే చాలు.

నవంబరు సెలవులో నడిగాలి గారు చెప్పినట్లే చేయండి. మంచె మార్చుకోండి, రోజంతా కూర్చోండి, కనుమను ముఖ్యంగా చూసుకోండి. పడమటి అడవిలో వేటగాళ్లు ఉన్న కొద్దీ అది మీ వైపుకు దాటేందుకు వాడే ఇరుకు దారి అదే. అయితే కనుమ మీద కూర్చునేటప్పుడు నడుమ ముక్కు పొదల్లోకి మాత్రం అడుగు పెట్టవద్దు. ఆడ జింకల కోసం ఊరంతా తిరిగిన తరువాత కూడా అది అలసి పడుకోవడానికి తిరిగి వచ్చే చోటు అది. అక్కడ ఒక్కసారి మనిషి తగిలితే ఈ ఏడు మళ్లీ పగలు ఆ కొండ మీద ఉండదు.

తుపాకీ సీజను దాటినా అది బతికే ఉంటే జనవరి వరకు ఆశ ఉంది. జతకట్టే కాలంలో ఒళ్లు కరిగించుకున్న మగ జింకకు మంచు పడిన రోజుల్లో మేత తప్పనిసరి అవుతుంది. మీ చేనులో రాలిన మొక్కజొన్న గింజలు మిగిలి ఉంటే అది గాలిని సైతం కొంత పక్కన పెట్టి వెలుతురు ఉండగానే దిగవచ్చు. ఆ చేనును శీతాకాలం ముందు దున్నవద్దని రైతును ఇప్పుడే అడగండి, తరువాత అడిగితే ఆలస్యమవుతుంది.

తూర్పు, ఆగ్నేయ గాలులు వీచే రోజుల్లో ఆ కొండ వైపే పోకండి. ఆ సాయంత్రాలు చేనుకు అవతలి అంచున ఆడ జింక కోసం కూర్చోండి. మీ కౌంటీలో ఎన్నిటికి అనుమతి ఉందో ఈ ఏటి నిబంధనలలో చూసుకోండి. పంట నష్టం చూసి మీకు భూమిలోకి దారి ఇచ్చిన రైతుకు అది కూడా కావలసిన పనే.